ఐదు కిలోల ఐస్‌తో టెంట్ ఏసీ అవుతుందా?

ఎండలు ముదిరేసరికి మా కడప వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒకే రకం వీడియోలు తిరుగుతాయి. గండికోట లోయ పక్కన టెంట్, అందులో ఒక థర్మాకోల్ డబ్బా, మూతకు రెండు బెజ్జాలు. ఒకదాంట్లో చిన్న ఫ్యాన్, ఇంకోదాంట్లో వంచిన పైపు ముక్క, లోపల ఐదు కిలోల ఐస్. "ఐదొందల్లో టెంట్ ఏసీ! పదిహేను డిగ్రీలు తగ్గుతుంది. జిప్పు వేసుకుని హాయిగా పడుకోండి." దీనికి తోకలుగా ఇంకొన్ని చిట్కాలు: ఐస్‌లో ఉప్పు వేయడం, లోపల తడి దుప్పటి కట్టడం, కోసిన ప్లాస్టిక్ సీసాల అట్ట, ఫాయిల్, బండ మీద టెంట్, చివరికి డ్రై ఐస్. జమ్మలమడుగు దాటి వచ్చే కార్ల డిక్కీల్లో ఈ సామానంతా కనబడుతోంది కాబట్టి, ఏది నిలుస్తుందో ఏది నిలవదో చూద్దాం.

ముందు ఐస్ సంగతి. ఐస్ చల్లబరుస్తుంది, అందులో అనుమానం లేదు. ఎంతమేరకు అన్నదే ప్రశ్న. ఒక కిలో ఐస్ కరిగి నీళ్లయ్యేలోపు 334 కిలోజౌళ్ల వేడిని పీల్చుకుంటుంది. ఐదు కిలోలకు 1670. వినడానికి పెద్ద అంకెలాగే ఉంది. కానీ మన ఇళ్లలో ఉండే ఒక టన్ను ఏసీ, రోజుకు సుమారు 907 కిలోల ఐస్‌ను కరిగించేంత వేడిని బయటికి తోడేస్తుంది. ఆ లెక్కన ఐదు కిలోల ఐస్ రాత్రంతా చేసేది, ఆ ఏసీ ఎనిమిది నిమిషాల్లో చేసే పని.

మిట్టమధ్యాహ్నం ఎండ చదరపు మీటరుకు దాదాపు వెయ్యి వాట్ల వేడి కురిపిస్తుంది. ఇద్దరు పట్టే టెంట్ సుమారు మూడు చదరపు మీటర్ల నేలను కప్పుతుంది. పడే వేడిలో సగమే లోపలికి దిగిందనుకున్నా, ఐదు కిలోల ఐస్ ఇరవై నిమిషాలకు సరి. రాత్రి ఎండ ఉండదు కదా అంటారు. ఎండ ఉండదు గానీ మనుషులు ఉంటారు. నిద్రపోతున్న మనిషి ఒంట్లోంచి డెబ్బై, ఎనభై వాట్ల వేడి వస్తూనే ఉంటుంది. ఇద్దరి ఒంటి వేడిని సరిపెట్టడానికే ఆ ఐసంతా మూడు గంటల్లో ఖర్చయిపోతుంది. బయటి గాలిని చల్లబరచడానికి ఇక మిగిలేదేమీ లేదు.

మరి వీడియోలో థర్మామీటర్ పదిహేను డిగ్రీలు తగ్గినట్టు చూపించింది కదా? అది ఎక్కడ పెట్టారో చూడండి. సరిగ్గా పైపు మూతి ముందు. టెంట్‌కు ఆ మూల, తలగడ పక్కన పెట్టి చూపించమనండి. పైపును మొహానికి దగ్గరగా పెట్టుకుంటే కాసేపు బాగుంటుంది, నేను కాదనను. దాన్ని ఏసీ అనడం దగ్గరే పేచీ.

ఇందులో నాకు నవ్వు తెప్పించే మాట ఒకటుంది: "పొద్దున చూస్తే డబ్బాలో ఇంకా సగం ఐస్ అలాగే ఉంది!" దీన్ని గొప్పగా చెబుతున్నారు. ఐస్ కరగలేదంటే వేడిని తీసుకోలేదని అర్థం. వేడిని తీసుకోకపోతే టెంట్ చల్లబడలేదు. థర్మాకోల్ తన పని తాను చక్కగా చేసింది, ఐస్‌ను మననుంచి కాపాడింది. ఉప్పు చిట్కా కూడా ఇలాంటిదే. ఉప్పు వేస్తే ఐస్ ఎక్కువసేపు ఉంటుందంటున్నారు, జరిగేది దానికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. కుల్ఫీ బండివాడు ఐస్‌లో ఉప్పు కలిపేది అది తొందరగా కరిగి, సున్నా కంటే బాగా కిందికి పోయి, డబ్బాలోని పాలను గడ్డకట్టించాలని. ఉప్పు వల్ల చలి తీవ్రత పెరుగుతుంది గానీ ఐస్ తీసుకోగలిగే మొత్తం వేడి పెరగదు.

"జిప్పు మూస్తే చల్లదనం బయటికి పోదు" అన్నది అన్నింటికంటే నష్టం చేసే సలహా. టెంట్ గుడ్డ గోడ కాదు, పలచని నైలానో పాలిస్టరో. వేడిని అది ఆపలేదు. ఆపేదల్లా గాలినే. లోపల ఇద్దరి ఊపిరి, చెమట కలిసి తేమ పెరుగుతుంది, చెమట ఆరడం మానేస్తుంది, ఉక్కపోత మొదలవుతుంది. బెలూం గుహల్లోకి దిగినవాళ్లకు ఇది వివరించక్కర్లేదు. పైన ఎండ మండుతుంటే గుహలో చల్లగా ఉంటుందనుకుని దిగుతారు, కాసేపటికి చొక్కా ఒంటికి అతుక్కుంటుంది. ఎండ లేదు, అయినా చెమట. గాలి ఆడనిచోట, తేమ ఉన్నచోట అంతే. ఎండాకాలం రాత్రి టెంట్‌లో చేయాల్సింది ఇది: వాన సూచన లేకపోతే పైన కప్పే ఫ్లై గుడ్డను పూర్తిగా తీసేయడం, దోమల జాలీ మాత్రమే మూయడం, గాలి వచ్చేవైపు ఒక జాలీ, పోయేవైపు ఇంకో జాలీ ఉండేలా టెంట్‌ను తిప్పుకోవడం. రూపాయి ఖర్చు లేదు.

తడి దుప్పటి చిట్కా దగ్గరికి వస్తే, అన్నింటిలోకీ ఇందులోనే సరుకుంది. చెప్పడమే తలకిందులుగా చెప్పారు. ఒక లీటరు నీళ్లు ఆవిరైతే దాదాపు 2400 కిలోజౌళ్ల వేడి పోతుంది. అంటే ఏడు కిలోల ఐస్ కరిగినంత! యాభై కిలోమీటర్లు ఐస్ మోసుకొచ్చే బదులు ఒక బకెట్ నీళ్లు తెచ్చుకుంటే అంతకు ఎన్నో రెట్ల పని జరుగుతుంది. కాకపోతే ఒక షరతు: నీళ్లు ఆవిరవ్వాలి. ఆవిరవ్వాలంటే గాలి పొడిగా ఉండాలి, కదులుతూ ఉండాలి. మూసిన టెంట్‌లో తడి దుప్పటి వేలాడదీస్తే కాసేపటికే లోపలి గాలి తేమతో నిండిపోయి ఆవిరవడం ఆగిపోతుంది. చల్లదనం రాదు, ఉక్క వస్తుంది.

అదే దుప్పటిని బయట, గాలి వచ్చేవైపు జాలీకి జానెడు దూరంలో తాడు మీద ఆరేసి, రెండోవైపు తెరిచి ఉంచండి. ఏప్రిల్ మధ్యాహ్నం 40 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉంటే, తడి గుడ్డ 23 డిగ్రీల దగ్గరిదాకా చల్లబడగలదు. గాలి అంత చల్లబడదు గానీ ఎదురుగా కూర్చున్నవాళ్లకు తేడా తెలుస్తుంది. అనంతపురంలో చలివేంద్రం పెట్టేవాళ్లు కుండకు తడి గోనెసంచి చుట్టి, పందిరి కింద గాలాడేచోట ఇసుకలో నిలబెట్టేది ఇందుకే. ఆ కుండను బీరువాలో పెట్టరు కదా. ఇదే వీడియో చూసి నెల్లూరులోనో వైజాగ్‌లోనో చేసినవాళ్లు "పని చేయలేదు" అని కామెంట్ పెడుతుంటారు. వాళ్ల మాటా నిజమే. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. మన దగ్గర కూడా వానలు పడ్డ వారంలో ఇది పెద్దగా పనిచేయదు.

టెంట్ కోసం దుప్పటి తడిపే ఓపిక లేనివాళ్లు ఒక తువ్వాలు తడిపి మెడ మీద, చేతుల మీద వేసుకుని, పవర్ బ్యాంకుతో నడిచే చిన్న ఫ్యాన్ ముందు కూర్చోండి. ఐదు వాట్ల ఫ్యాన్‌ను పదివేల ఎంఏహెచ్ పవర్ బ్యాంకు ఐదారు గంటలు తిప్పుతుంది. చల్లబడాల్సింది మనిషి, టెంట్ కాదు.

ప్లాస్టిక్ సీసాలను సగానికి కోసి, అట్టకు గుచ్చి, వెడల్పు వైపు బయటికి పెడితే గాలి ఇరుకు మూతిలో నొక్కుకుని ఐదు డిగ్రీలు చల్లబడుతుందట. 2016 ప్రాంతంలో బంగ్లాదేశ్ పల్లెల పేరు మీద ప్రపంచమంతా తిరిగిన ముచ్చట ఇది. పెదాలు ముడిచి ఊదితే గాలి చల్లగా తగులుతుంది చూడండి అని రుజువు చూపిస్తారు. అలా ఊదినప్పుడు చుట్టూ ఉన్న గాలి కూడా కలిసి వస్తుంది, చర్మం మీది తేమ ఆరుతుంది, అందుకే చల్లన. సెకనుకు ఐదు మీటర్ల గాలి వీచినా సీసా మూతిలో వచ్చే తేడా డిగ్రీలో నూరో వంతు ఉంటుంది. పైగా ఆ అట్ట కిటికీలో ముప్పాతిక భాగాన్ని మూసేస్తుంది. ఉన్న గాలీ పోయింది.

ఫాయిల్ లోపల అంటించమంటున్నారు. మెరిసే షీటు ఎండను వెనక్కి కొడుతుంది, నిజమే. కానీ గుడ్డ కాగిపోయాక లోపల అడ్డుపెడితే సగం పని అప్పటికే చెడిపోయింది. టెంట్‌కు పైన, అడుగు అడుగున్నర ఎడం ఉంచి కట్టండి. మధ్యలో గాలి ఆడాలి. మెరిసే షీటే అక్కర్లేదు, నర్సరీలకు వాడే గ్రీన్ షేడ్ నెట్ గానీ, పాత టార్పాలిన్ పట్ట గానీ చాలు. కొండ మీద గాలి జోరు తెలిసిందే కాబట్టి తాళ్లు గట్టిగా బిగించాలి. పొద్దుగూకాక పట్ట తీసేయాలి, ఇది చాలామంది మరిచిపోతారు. మబ్బు లేని రాత్రి టెంట్ తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. పైన పట్ట ఉంటే ఆ దారి మూసుకుపోతుంది.

"రాయి చల్లన, బండ మీద వేసుకోండి" అన్నదానికి ఒకటే జవాబు: ఇంట్లో కడప బండ చల్లగా ఉండేది నీడలో ఉంటుంది కాబట్టి. పగలంతా ఎండకు కాగిన గండికోట బండ మీద రాత్రి పదింటికి చెయ్యి పెట్టి చూడండి. మట్టి నేల చూసుకోండి. బండ తప్పకపోతే సాయంత్రం మిద్దె మీద చల్లినట్టు నీళ్లు చల్లి, ఆరాకే టెంట్ వేయండి. సూర్యోదయం కనబడాలని తూర్పుకు ఏ అడ్డూ లేనిచోట వేసుకునేవాళ్లు మే నెలలో ఆరింటికల్లా చెమటతో లేస్తారు. చెట్టుకో గోడకో పడమటి పక్కన వేసుకుంటే ఇంకో గంట, గంటన్నర నిద్ర దొరుకుతుంది. మధ్యాహ్నం మాత్రం ఏ చిట్కాతోనూ టెంట్‌లో ఉండొద్దు. కోటలోనే మందపాటి రాతిగోడల నీడ ఉంది, అక్కడ కూర్చోండి.

ఇక డ్రై ఐస్. పైవన్నీ డబ్బు దండగ, ఇది ప్రాణం మీదికి వచ్చేది. పెళ్లిళ్లలో వేదిక మీద తెల్లటి పొగ కోసం వాడే డ్రై ఐస్‌ను "ఐస్ కంటే పది రెట్లు చల్లన, నీళ్లు కారవు" అంటూ టెంట్‌లో పెట్టమంటున్నారు. అది గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. మైనస్ 78 డిగ్రీల దగ్గర నేరుగా వాయువవుతుంది. ఒక కిలో నుంచి ఐదు వందల లీటర్లకు పైగా వాయువు వస్తుంది. ఇద్దరి టెంట్‌లో మొత్తం గాలే రెండు, మూడు వేల లీటర్లు. మామూలు గాలిలో ఈ వాయువు 0.04 శాతం. ఐదు శాతానికి చేరితే తలనొప్పి, ఆయాసం. పది శాతం దగ్గర నిమిషాల్లో స్పృహ తప్పొచ్చు. గుడ్డ సందుల్లోంచి కొంత పోయినా, ఇది గాలికంటే బరువు, నేలను అంటుకుని ఉంటుంది. మనం పడుకునేదీ నేల మీదే. వాసన ఉండదు, నిద్రలో ఉన్నవాళ్లకు ఏమీ తెలియదు.

ఇప్పటికే కొనేసి ఉంటే బయట పెట్టే కూల్‌డ్రింకుల డబ్బాకు వాడుకోండి. మూత గట్టిగా బిగించొద్దు, వాయువు పోవడానికి దారి లేకపోతే డబ్బా పగులుతుంది. వట్టి చేత్తో ముట్టుకోవద్దు. తెచ్చేటప్పుడు కారు అద్దాలు దించే ఉంచండి, ఏసీ వేసుకుని బిగించుకుని రావొద్దు. ఎవరైనా టెంట్‌లో పిలిస్తే పలకకుండా పడి ఉంటే, మీరు లోపలికి దూరకుండా రెండు జిప్పులూ తెరిచి, కాళ్లు పట్టుకుని బయటికి లాగి, 108కి ఫోన్ చేయండి.