బాడీ కొన్నాం, లెన్సు చూద్దాం

కెమెరా కొనడం వేరు, ఫోటోలు తీయడం వేరు. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే లోకంలో ఇన్ని అపార్థాలు. మొదటిది శాస్త్రం. రెండోది, శాస్త్రాభ్యాసం ముగిశాక ఓపిక మిగిలితే చేసే కాలక్షేపం. నేను ఆ శాస్త్రంలో మూడేళ్లు శ్రమించినవాణ్ణి. ఆ మూడేళ్లలో ఎన్ని ఫోటోలు తీశావని అడగబోయేవారు కాస్త ఆగాలి. ఆ లెక్క ఎలాగూ బయటపడుతుంది.

నా బడ్జెట్ 45 వేలు. దసరా బోనసుకు చీటీ డబ్బులో మిగిలింది కలిపితే అంత వచ్చింది. గోడ క్యాలెండర్‌లో గడిచిపోయిన నెల కాగితం చింపి, వెనకవైపు రాశాను. బాడీకి, అంటే లెన్సు లేని కెమెరా పెట్టెకు 25, లెన్సుకు 15, బ్యాగుకూ కార్డుకూ కలిపి 5. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర భద్రంగా ఉంది. 25 కొట్టేసి 30, అది కొట్టేసి 38, అదీ కొట్టేసి 44. లెన్సు ఎదురుగా ఉన్న 15ను మాత్రం కొట్టేయలేదు. దాని పక్కన చిన్న అక్షరాలతో 'తర్వాత' అని ఉంది. మా ఇంట్లో మేడ మీద గది పక్కన, బాత్రూమ్ టైల్స్ పక్కన, నా వ్యాయామం పక్కన ఉన్న మాట కూడా అదే.

25 వేలు 44 వేలు ఎలా అయిందో చెబితే తోటివారికి ఉపయోగం. దీనికి ముందు మెగాపిక్సెళ్ల గురించి తెలియాలి. బొమ్మలోని ఒక్కో చుక్క పిక్సెల్, అవి పది లక్షలైతే ఒక మెగాపిక్సెల్. 1975లో కొడాక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ సాసన్ తయారుచేసిన తొలి డిజిటల్ కెమెరా వంద నిలువు, వంద అడ్డం, మొత్తం పదివేల పిక్సెళ్ల బొమ్మ తీసింది. ఆ ఒక్క బొమ్మ క్యాసెట్ టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టింది. పాపం, ఆయన దగ్గర లేనివి మన దగ్గర ఉన్నాయి. ఏ4 కాగితమంత ఫోటోను అంగుళానికి 300 చుక్కల చొప్పున నాణ్యంగా ముద్రించాలంటే తొమ్మిది మెగాపిక్సెళ్ల లోపే చాలు. చిన్న బడ్జెట్ బాడీల్లోనే 24 ఉంటున్నాయి. అయినా 24 చాలవని నాకు గట్టిగా అనిపించింది. నేను ఏడాదికి ముద్రించే ఫోటోలు పాస్‌పోర్టు సైజువి ఎనిమిది, అవీ వీధి చివర స్టూడియోవాడు తీసినవి. మిగతావన్నీ వాట్సాప్‌లో బంధువులకు వెళతాయి, అది వాటిని నలిపి ఉండ చేసి అందిస్తుంది. ఉండ చేసే ముందు సరుకు మేలైనదిగా ఉండాలన్నది నా సిద్ధాంతం.

ఇక మా బావమరిది. "బావా, ఫుల్ ఫ్రేమ్ కాకపోతే అసలు కొనొద్దు" అన్నాడు. ఫుల్ ఫ్రేమ్ అంటే 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న సెన్సరు, అంటే కెమెరా లోపల వెలుతురును బొమ్మగా పట్టే పలక. అతని దగ్గర ఏ ఫ్రేమూ లేదు, ఫోను ఉంది. అయినా ఆ మాట నా గుండెలో దిగబడింది. ఆ రాత్రి నుంచి చిన్న సెన్సరు మీద నాకు జాలి పుట్టింది. ఫుల్ ఫ్రేమ్ కొనలేను కాబట్టి, చిన్న సెన్సరు బాడీల్లోనే వీలైనంత ఖరీదైనది కొని బావమరిదికి సమాధానం చెప్పాలనుకున్నాను.

కోఠి గుజరాతీ గల్లీలో ఒక దుకాణం పెద్దాయన నన్ను ఆపాలని చూశాడు. "సార్, ఇడ్లీ ఎక్కడైనా ఇడ్లీయే. బండి ముందు జనం నిలబడేది చట్నీ కోసం. బాడీ ఇడ్లీ, లెన్సు చట్నీ. పాత మోడల్ బాడీ, అవసరమైతే సెకండ్‌హ్యాండ్‌ది తీసుకోండి. మిగిలిన డబ్బుతో 35 మిల్లీమీటర్ల ప్రైమ్ లెన్సు, అదే జూమ్ లేనిది, ఒకటి తీసుకోండి. రేపు బాడీ మార్చినా లెన్సు మీ దగ్గరే ఉంటుంది" అన్నాడు. ముప్పై ఏళ్లుగా ఆ గల్లాపెట్టె వెనకే కూర్చున్న మనిషి. సమీక్షల వీడియోలు ఒక్కటీ చూసినట్టు లేడు. అలాంటివారి మాట మీద 45 వేలు పెట్టడం బాధ్యతారాహిత్యం అవుతుంది. నమస్కారం పెట్టి పక్క దుకాణానికి వెళ్లి 44 వేల బాడీ కొన్నాను. దాంతోపాటు 18-55 కిట్ లెన్సు, అంటే బాడీతో కలిపి ఇచ్చే మామూలు జూమ్ లెన్సు, వచ్చింది. కార్డు మిగిలిన వెయ్యితో. బ్యాగు బదులు పిల్లవాడి పాత టిఫిన్ సంచి.

మా మేనమామ కూతురి పెళ్లి తెనాలిలో. ముహూర్తం రాత్రి రెండు గంటల నలభై నిమిషాలకు. కెమెరా మెడలో వేసుకుని వెళ్లాను. అసలు ఫోటోగ్రాఫరు నన్ను చూసి పక్కకు జరిగాడు కూడా. జీలకర్ర బెల్లం పెట్టే క్షణానికి జూమ్ చివరిదాకా తిప్పాను. కిట్ లెన్సుల సంగతి తెలిసినవారికి తెలుసు. జూమ్ చివరికి వెళ్లేసరికి వాటి కన్ను ఎఫ్/5.6కు కుంచించుకుపోతుంది. ఈ ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ కన్ను చిన్నదవుతుంది. చట్నీ లెన్సుగా పేరుపడిన ఎఫ్/1.8 అయితే దానికి తొమ్మిది రెట్లకు పైగా వెలుతురు లోపలికి రానిస్తుంది. మండపంలో వెలుతురు అంతంతమాత్రం. పాపం నా కెమెరా, దొరికిన వెలుతురునల్లా పోగు చేసుకోవడానికి షట్టరును తాపీగా మూసింది. ఈలోగా పెళ్లికొడుకు చెయ్యి కదిలింది, పెళ్లికూతురు తల కదిలింది, నా చేతులు కూడా కదిలాయి. స్థిరంగా వచ్చింది వెనక ఉన్న ప్లాస్టిక్ కుర్చీ ఒక్కటే అని చెప్పాలనుంది కానీ, అదీ రాలేదు.

మర్నాడు టిఫిన్ల దగ్గర ఆ ఫోటో మా మేనమామకు చూపించాను. కళ్లద్దాలు సవరించుకుని చాలాసేపు చూశాడు.

"ఇందులో ఇంకా అడ్డుతెర తీయలేదా, నాయనా?"

నేను వివరించాను, మసకదనం కూడా కళేనని, దాన్ని జపాన్ మాటతో బోకే అంటారని. బొకే అంటే పూలగుత్తి కదా అంది మా ఆవిడ. కాదు, మసక అన్నాను. తర్వాత తెలిసిందేమిటంటే, జపాన్‌వాళ్లు ఆ మాటనే ముసలితనంలో వచ్చే మతిమరుపుకు కూడా వాడతారు. ఇది మాత్రం మా ఆవిడకు చెప్పలేదు. అన్నట్టు, బోకే అనేది వెనకాల మసకగా ఉండి, ముందున్న మనిషి స్పష్టంగా ఉన్నప్పుడు వాడే మాట.

ఈ అనుభవం తర్వాత నేను పాఠం నేర్చుకుని చౌకగా ఒక సెకండ్‌హ్యాండ్ 50 ఎఫ్/1.8 లెన్సు కొన్నాను. ఇక్కడ మోటారు సమస్య వచ్చింది. ఫోకస్ తిప్పే మోటారు కొన్ని పాత లెన్సుల్లో ఉండదు, ఆ పని బాడీలోని మోటారు చేస్తుంది. కొన్ని చిన్న బాడీల్లో అదీ ఉండదు, లెన్సులో ఉంటుందన్న ధైర్యంతో వాటిని తయారుచేస్తారు. నాకు సరిగ్గా ఈ రెండూ దొరికాయి. కరెంటు బిల్లు తమ్ముడు కట్టి ఉంటాడని అన్న, అన్న కట్టి ఉంటాడని తమ్ముడు నిశ్చింతగా ఉన్న ఇల్లులా తయారైంది నా కెమెరా. పైగా చిన్న సెన్సరు మీద 50 కాస్తా 75 అయి కూర్చుంటుంది, అంటే ఫోటోలో పట్టే దృశ్యం ఇరుకైపోతుంది. మా హాల్లో నలుగురిని ఒకే ఫోటోలో పట్టించాలంటే నేను వెనక్కి జరిగి జరిగి ఫ్రిజ్‌కు ఆనుకుని, అక్కడి నుంచి బాల్కనీలోకి వెళ్లి, కిటికీ ఊచల మధ్య నుంచి చేత్తో ఫోకస్ తిప్పాలి. ఈలోపు నలుగురిలో ఇద్దరు లేచి వెళ్లిపోతారు. 35 తీసుకోమన్న పెద్దాయన గుర్తొచ్చాడు గానీ, పరువు గల మనిషి ఒకే గల్లీకి రెండోసారి ఏ ముఖంతో వెళతాడు?

ఫ్రాన్స్ ఫోటోగ్రాఫరు హెన్రీ కార్టియర్ బ్రెస్సన్ జీవితంలో ఎక్కువ భాగం ఒక్క 50 లెన్సుతోనే గడిపేశాడంటారు. గడపవచ్చు, ఆయన వీధుల్లో తీశాడు, మా హాల్లో కాదు. మన సికింద్రాబాద్‌లోనే స్టూడియో నడిపి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థానంలో పనిచేసిన రాజా దీన్‌దయాళ్ సంగతి చూడండి. గాజు పలకలు, కొయ్య పెట్టె, మూడుకాళ్ల స్టాండు. ఆటోఫోకస్ లేదు, ముఖాన్ని గుర్తుపట్టే సెన్సరు లేదు, ఏ లెన్సు కొనాలో చెప్పే బావమరిది లేడు. ఇన్ని లోపాలతో ఆయన తీసిన నవాబుల ముఖాలు నూరేళ్లు దాటినా మీసం వెంట్రుకతో సహా కనిపిస్తున్నాయంటే, అది కేవలం సరైన సమాచారం అందుబాటులో లేకపోవడం వల్ల జరిగిన పొరపాటు.

తెనాలి తర్వాత కెమెరాను బయటికి తీయడం తగ్గించాను. దీనికి శాస్త్రీయమైన కారణం ఉంది. చిన్న బాడీల షట్టరుకు లక్ష క్లిక్కుల ఆయుష్షు అని సాధారణంగా లెక్క వేస్తారు. నొక్కిన ప్రతిసారీ అందులో ఒకటి తరిగిపోతుంది. అందుకని టిఫిన్ సంచిలో పెట్టి, సంచిని మా ఆవిడ పట్టుచీరల అరలో పెట్టి తాళం వేశాను. వానాకాలం రెండుసార్లు వచ్చి వెళ్లింది. తీసి చూస్తే కిట్ లెన్సు అద్దం మీద సాలెగూడు లాంటి తెల్లటి తీగలు. ఫంగస్. చీకటి, తేమ, గాలి ఆడని సంచి ఉంటే చాలు, అద్దం మీద కూడా పంట పండుతుందట. రోజూ వాడేవాళ్ల లెన్సులకు ఇది అరుదని మెకానిక్ అన్నాడు. వాడకుండా జాగ్రత్త చేసినవాడికే ఈ శిక్ష ఏమిటో!

అమ్మకానికి పెట్టాను. పెళ్లిళ్ల వీడియోగ్రాఫర్ దగ్గర పనిచేసే కుర్రాడొకడు వచ్చాడు. ఫోకస్ తిరగని ఆ 50 వైపు, ఫంగస్ పట్టిన కిట్ లెన్సు వైపు ఒకసారి చూసి పక్కన పెట్టాడు. బాడీని ల్యాప్‌టాప్‌కు తగిలించి షట్టర్ కౌంట్ చూశాడు. 1,140. అందులో మూడొందల దాకా తెనాలి అడ్డుతెరలే.

"సార్, అందరూ మీలాంటివాళ్ల దగ్గరే కొనుక్కోవాలి" అన్నాడు. నిజంగా గౌరవంతోనే అన్నాడు.

జేబురుమాలులో చుట్టుకొచ్చిన తన 35 లెన్సు బాడీకి తగిలించి, పరీక్ష కోసం ఒక్కసారి నొక్కాడు. వంటింటి కిటికీ దగ్గర మా అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. తెరమీద ఆమె వేళ్ల మధ్య వేలాడుతున్న ఈనె, చేతి మీద నరాలు, వెనక మసకగా గిన్నెలు. మూడేళ్లలో ఆ కెమెరాలో అమ్మ కనిపించడం అదే మొదలు. నేను కుర్రాడిని ఇప్పటిదాకా ఏ బాడీ వాడావని అడిగాను. పన్నెండేళ్ల పాతదని చెప్పాడు. జాలి వేసింది. ఇంత ప్రతిభ ఉండి బాడీ విషయంలో అంత వెనకబడిపోయాడు.

రెండు లెన్సులూ నాకే వదిలేసి, బాడీకి 19 వేలు లెక్కపెట్టి ఇచ్చాడు. ఈ ఏడాది బోనసు, చీటీ కలిపితే 70 వేలు చేతిలో ఉన్నాయి. మిర్రర్‌లెస్‌లో, అంటే లోపల అద్దం లేని రకంలో, కొత్త బాడీ ఒకటి 68 వేలకు వస్తోంది. లెన్సు బిగించే మౌంటు వేరు కాబట్టి ఇంట్లో ఉన్న రెండు లెన్సులూ దానికి పట్టవు.

"మరి లెన్సు?" అంది మా ఆవిడ.

నేను లేచి గోడ దగ్గరికి వెళ్లి, క్యాలెండర్‌లో పోయిన నెల కాగితం చింపాను.