డిజైనర్ చేతిలోనే పాదచారి ప్రాణం

కార్లు రోడ్డెక్కిన తొలి రోజుల్లో డబ్బున్నవాళ్లు కంపెనీ దగ్గర ఛాసిస్ (బండి అడుగు చట్రం), ఇంజన్ కొని, పైబాడీని వేరే పనివాళ్లతో కట్టించుకునేవారు. ఫ్యాక్టరీల్లో బండ్లు వేలల్లో తయారవడం మొదలయ్యాక రూపం సంగతి ఇంజనీర్ల చేతికి వెళ్లింది. 1927లో అమెరికా కార్ల కంపెనీ జనరల్ మోటార్స్, హార్లీ ఎర్ల్ అనే డిజైనర్‌ను పిలిచి డిజైన్‌కు ప్రత్యేక విభాగం అప్పగించాకే డిజైనర్ మాటకు విలువ వచ్చింది. ఆయన అలవాటు చేసిన మట్టి నమూనాలు కంప్యూటర్లు వచ్చినా పోలేదు. స్క్రీన్ మీద నున్నగా కనిపించిన తలుపు, అసలు సైజు మట్టి మీద లైటు పడగానే సొట్టపోయినట్టు కనిపిస్తుంది. మోడలర్ అక్కడ అరచేత్తో తడిమి, పలచగా గీకి సరిచేస్తాడు.

అయితే అదే ఎర్ల్ హయాంలో రెక్కల మోజు ముదిరింది. జనరల్ మోటార్స్ వారి 1959 కాడిలాక్ కారు వెనక లేచిన రెక్కలు చూపులకే తప్ప బండికి ఒరగబెట్టిందేమీ లేదు. అంతకు ముందే, 1934లో, క్రైస్లర్ ఇంజనీర్లు విండ్ టన్నెల్‌లో (గాలిని వేగంగా వదిలి పరీక్షించే సొరంగంలో) పరీక్షించి తెచ్చిన ఎయిర్‌ఫ్లో కారును జనం కొనలేదు. గాలికి నచ్చిన ఆకారం కళ్లకు నచ్చలేదు. చమురు సంక్షోభాల తర్వాత గానీ ఈ రెండూ రాజీపడలేదు. 1982 నాటి ఆడి 100 కారు గాలి నిరోధ గుణకాన్ని (ఇది ఎంత తక్కువైతే గాలి అడ్డు అంత తక్కువ) 0.30కి తగ్గించి కూడా అందంగానే ఉంది.

ఇప్పుడు డిజైనర్లు యాజమాన్యంలోనూ కూర్చుంటున్నారు. డిజైనర్ పీటర్ ష్రయర్‌కు కొరియా కార్ల కంపెనీ కియా అధ్యక్ష హోదానే ఇచ్చింది. ఇది మంచి మార్పు, మేం మనసారా స్వాగతిస్తున్నాం. కానీ అధికారం పెరిగినంతగా జవాబుదారీతనం పెరగలేదన్నదే మా బాధ. ఎలక్ట్రిక్ కారులో ముందుభాగాన ఇంజనే ఉండదు. అయినా ఎస్‌యూవీల బానెట్లు గోడల్లా లేస్తున్నాయి. దర్పం కోసం పెంచిన ఆ ఎత్తు వల్ల బండి గుద్దినప్పుడు దెబ్బ పాదచారి కాళ్లకు కాక ఛాతీకి, తలకు తగులుతుంది. బండి ముందు నిలబడ్డ పసిపిల్ల డ్రైవర్‌కు కనిపించదు. బాడీలో కలిసిపోయే ఎలక్ట్రిక్ డోర్ హ్యాండిళ్లూ అంతే. ప్రమాదంలో కరెంటు పోతే కాపాడేవాళ్లకు పట్టు దొరకదు. 2027 నుంచి కొత్త మోడళ్లకు మెకానికల్ హ్యాండిళ్లు ఉండాల్సిందేనని చైనా నిబంధన పెట్టింది. ప్రభుత్వం చెప్పేదాకా ఆగాల్సిన విషయమా ఇది?

మట్టి నమూనా సిద్ధమైన రోజే దాని ముందు మూడేళ్ల పిల్ల ఎత్తు బొమ్మను నిలబెట్టాలి. డిజైనర్ డ్రైవర్ సీటు ఎత్తులో కూర్చుని చూడాలి. బొమ్మ కనిపించకపోతే, ఎంత ముచ్చటైన గీతయినా సరే, బానెట్‌ను అక్కడే కోసెయ్యాలి.