ఆటో వైట్ బ్యాలెన్స్ గారూ, నా రెండు పైల బిళ్ళ రంగు నాకు తిరిగి ఇప్పించండి

అయ్యా ఆటో వైట్ బ్యాలెన్స్ గారూ,

నమస్తే. ఏ వెలుగులోనైనా తెలుపు తెల్లగా కనబడేలా ఫోటో రంగులు సరిదిద్దడం మీ పని, ఆ పని పేరుతో మీరు నా ఫోన్ కెమెరాలో మూడేళ్ళుగా అద్దె కట్టకుండా ఉంటున్నారు, ఇన్నాళ్ళూ నేనేం అనలేదు, ఇవాళ అనక తప్పట్లేదు.

మొన్న ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, పాత పుస్తకాల మధ్య ఒకాయన గుడ్డ పరిచి కూర్చుంటే, అందులో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలం నాటి రెండు పైల (పై అంటే అప్పటి చిల్లర డబ్బు) కంచు బిళ్ళ దొరికింది. ఏం రంగండీ అది! తాటిబెల్లం ముక్క నీళ్ళలో ముంచి తీసినట్టుంది, తుగ్రా (రాజు పేరుని మెలికలు తిప్పి రాసిన ముద్ర) గీతల సందుల్లో అయితే ఇంకా కొంచెం ఎరుపు కూడా మిగిలుంది. ఇంటికొచ్చి ఫోటో తీస్తే సిమెంటు రంగు. పొరపాటేమోలే అని ఇంకోటి తీశా, నీలం. ఇంకోటి తీశా, మళ్ళీ సిమెంటే, కాకపోతే ఈసారి మీద కాస్త గులాబీ చల్లారు.

మీ లెక్క నాకు తెలుసులెండి. ఫ్రేములో ఉన్న రంగులన్నీ కలిపి సగటు తీస్తే బూడిద రంగు రావాలని మీ పాతకాలం నమ్మకం, ఈమధ్య తెలివితేటలు చాలా చేర్చారట గానీ పుట్టుబుద్ధి పోతుందా. గోల్కొండ ఫోటో తీస్తే మీ లెక్క బానే పనిచేస్తుంది, ఆకాశం, రాయి, గడ్డి, ఎవరి వాటా వాళ్ళది. కానీ ఫ్రేమంతా ఒక్క రాగిరంగు బిళ్ళే ఉంటే మీరేమో అమ్మో లైటు ఎర్రగా ఉంది అని కంగారుపడి నీలం బకెట్ తెచ్చి గుమ్మరిస్తారు. అందంగా ఉంటుందని కింద ఎర్ర వెల్వెట్ గుడ్డ వేశాను చూడండి, అది నా తప్పే, ఇంకో బకెట్ తెచ్చారు.

వెండి రూపాయి సంగతి ఇంకా ఘోరం. చార్మినార్ బొమ్మ, గుమ్మంలో ఐన్ అనే ఉర్దూ అక్షరం, వెయ్యికి 818 పాళ్ళు వెండి, అలాంటి నిజాం రూపాయిని మీరు ఇరానీ హోటల్లో నీళ్ళ గ్లాసు చేసేశారు. అంటే ఇందులో మీ తప్పు సగమే. వెండి అసలు అద్దం లాంటిది కదా, దానికి సొంత రంగు కంటే చుట్టుపక్కల రంగులే ఎక్కువ, నేను ఎర్ర టీషర్ట్ వేసుకుని మీద వంగితే చార్మినార్‌కి పారాణి పెట్టినట్టైంది. పైగా ఒక పక్క 2700 కెల్విన్ (వెలుగు రంగుకి కొలత, అంకె పెరిగేకొద్దీ నీలం) పసుపు బల్బు, ఇంకో పక్క కిటికీలోంచి 6500 దాకా ఉండే మబ్బు వెలుగు, బిళ్ళకి ఒక చెంప పసుపు ఒక చెంప నీలం. అప్పుడు మీరైనా ఎవరి పక్షం తీసుకుంటారు పాపం. దగ్గరికి పెడదామంటే ఫోన్ చెప్పాపెట్టకుండా ఇంకో లెన్స్‌కి దూకుతుంది, దాని రంగుల గొడవ వేరే.

ఇక్కడి నుంచి గారు తీసేస్తున్నా.

నీ ఫోటో చూసి వరంగల్ నుంచి ఒకాయన ఏమన్నాడో తెలుసా? "అన్నా, ఇది కడిగిన బిళ్ళనా ఏంది?" అన్నడు. కడిగిన బిళ్ళా! కలెక్టర్ల దగ్గర అది తిట్టే. రాగి, కంచు బిళ్ళల్ని కలెక్టర్లు ఎరుపు, ఎరుపు గోధుమ, గోధుమ అని మూడు తరగతులు చేస్తారు, ధర మామూలుగా ఆ వరసలోనే దిగుతుంది, అందులో నీ సిమెంటుకి తరగతే లేదు. వందేళ్ళుగా పేరుకున్న రంగుని నువ్వు ఒక్క క్లిక్కుతో తోమేశావ్, ఆ మాట నేను పడ్డాను.

నిన్ను ఆపేసి మాన్యువల్‌కి వెళ్దామని ప్రింటర్‌లో తెల్ల కాగితం లాగి దాన్నే తెలుపు అని చెప్పా. ఆ కాగితానికి తెల్లగా మెరవాలని కలిపే మందు ఎండలో నీలంగా వెలుగుతుందట, దాన్ని తెలుపు అనుకునేసరికి బిళ్ళ మొత్తం పసుపెక్కింది. చవక ఎల్ఈడీ ల్యాంప్ కొన్నా, అందులో ముదురు ఎరుపే సరిగ్గా లేదు, లైటులో లేని రంగు బిళ్ళ మీద నుంచి ఎలా వస్తుంది చెప్పు, అది నువ్వూ తేలేవు నేనూ తేలేను. చివరికి 18 శాతం గ్రే కార్డు, అంటే పడ్డ వెలుగులో 18 శాతం తిప్పికొట్టే, ఏ రంగూ కలవని బూడిద అట్ట, కొన్నాను. చూడ్డానికి అచ్చం పరీక్ష ప్యాడ్ అట్ట ముక్క, డబ్బులు మాత్రం బానే తీసుకున్నారు. అదే వెలుగులో ముందు కార్డుని రా (RAW, రంగులు ఇంకా ఖాయం చెయ్యని ఫైలు) పద్ధతిలో ఒక ఫోటో తీసి, తర్వాత బిళ్ళని తీసి, కంప్యూటర్‌లో కార్డు మీద ఒక్క నొక్కు నొక్కితే తాటిబెల్లం వచ్చేసింది, నిజంగా. కానీ తొంభై మూడు బిళ్ళలున్నాయి నా దగ్గర, ఒక్కోదానికీ ఇంత తతంగమంటే నాకు ఉద్యోగం కూడా ఉంది మరి.

అందుకే నా కోరిక ఒక్కటే. కార్డు ఒకసారి చూపిస్తా, ఆ తర్వాత నువ్వు గుర్తుపెట్టుకుని నోరు మూసుకుని కూర్చో, ప్రతి బిళ్ళకీ కొత్తగా ఆలోచించకు. నిన్నలా లాక్ చేసే బటన్ కెమెరా ప్రో మోడ్‌లో (సెట్టింగులు మనమే పెట్టుకునే చోట) ఎక్కడో దాచారు, రాత్రే దొరికింది.

త్వరగా తేల్చు. నీ సిమెంటు ఫోటో మా అమ్మ కూడా చూసింది, "ఇదేంట్రా ఇంత మురికిగా ఉంది, ఇటియ్యి, చింతపండు పెట్టి తోమిస్తా" అని గిన్నె తీసింది. బిళ్ళ జేబులో వేసుకుని మేడ మీదకి వచ్చేశా, పిట్టగోడ నీడలో కూర్చుని ఇది రాస్తున్నా. ఆవిడ మెట్లెక్కుతున్న చప్పుడు వినబడుతోంది.

ఇట్లు,
నీ ఇంటి ఓనర్