ఒక్క మిల్లీమీటరు తగువు

నూజివీడు పక్కన పల్లెటూరు. మే నెల గాలివానకు తోటలో ముసలి చిన్నరసం చెట్టు కూలింది. మామగారు పేపర్లో తలదూర్చి ఈ లోకంలో లేరు. హైదరాబాద్ నుంచి వచ్చిన అల్లుడు, కొమ్మలు కోసుకోవడానికి మెషిను రంపం కొనిపెడతానని మాటిచ్చాడు. అత్తగారు అల్లుడికి ఎదురుపడి మాట్లాడే తరం కాదు. తలుపు చాటున నిలబడే మాట్లాడతారు. తలుపు మనిషికే అడ్డం, గొంతుకు కాదు.

అల్లుడు: అత్తయ్యగారూ, ఇరవై మోడళ్ళు వడపోస్తే చివరికి రెండు మిగిలాయి. రెండూ స్టిల్ కంపెనీవే. ఎమ్మెస్ 170, ఎమ్మెస్ 180. ఎక్సెల్‌లో వేసి చూశాను.

అత్తగారు: (తలుపు చాటు నుంచి) చాలా శ్రమపడ్డారు బాబూ. పెళ్ళిచూపులప్పుడు కూడా మీరింత పరిశీలించలేదు.

అల్లుడు: అప్పుడు మీరు ఒక్క మోడలే చూపించారు కదండీ.

అత్తగారు: (కాసేపు ఆగి) కాఫీలో పంచదార సరిపోయిందా?

అల్లుడు: సరిపోయిందండీ. ఇక రంపం విషయానికొస్తే, నా ఓటు 180కి. 170ది 30.1 సీసీ ఇంజను, దీనిది 31.8.

అత్తగారు: ఆ ఒకటీ ముప్పాతిక ఎక్కణ్ణుంచి వచ్చిందట?

అల్లుడు: పిస్టన్ కదిలే గొట్టం ఉంటుంది కదండీ, దాని అడ్డకొలత అందులో 37 మిల్లీమీటర్లు, ఇందులో 38.

అత్తగారు: అంటే ఒక్క మిల్లీమీటరు.

అల్లుడు: ఒక్కటే.

అత్తగారు: మిగతావి?

అల్లుడు: పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం రెంటికీ 28. బరువు, బార్ అంటే గొలుసు చుట్టూ తిరిగే పొడవాటి పట్టీ, అదీ గొలుసూ కాకుండా రెండూ ఇంచుమించు నాలుగు కిలోలు. పెట్రోలు ట్యాంకు రెంటికీ పావు లీటరు. రంగు కూడా ఒకటే, నారింజా తెలుపూ.

అత్తగారు: అయితే కవలలన్నమాట. నిమిషం ముందు పుట్టినవాణ్ణి పెద్దకొడుకనుకుని ఆస్తి ఎక్కువ రాసేస్తామంటారు.

అల్లుడు: మిల్లీమీటరే గానీ, బలంలో తేడా ఉందండీ. అది 1.2 కిలోవాట్లు, ఇది 1.4. ఆరో వంతు ఎక్కువ.

అత్తగారు: మీరు చదువుకున్నవారు, మీ మాట నేనెందుకు కాదంటాను? కాదనను. తప్పంటాను.

అల్లుడు: అనండి.

అత్తగారు: 170 తీసుకోండి. మిగిలిన డబ్బుతో ఇంకో గొలుసూ, ఆకురాళ్ళూ వస్తాయి. రంపం కోసేది మిల్లీమీటరుతో కాదు, పన్నుతో.

(అంటూ తలుపు చాటు నుంచి బయటికే వచ్చేశారు. కొంగుముడి విప్పి, అల్లుడి ల్యాప్‌టాప్ పక్కన పేపరు ముక్క పరిచి రెండు కుప్పలు పోశారు.)

అత్తగారు: మొన్న పక్క చేలో సరుగుడు కోస్తుంటే ఏరి తెచ్చాను. వేళ్ళ మధ్య నలిపి చూడండి. ఇది ఎలా ఉంది?

అల్లుడు: మెత్తగా... బియ్యప్పిండిలా ఉందండీ.

అత్తగారు: అది గొలుసు మొద్దుబారినప్పుడు రాలిన పొట్టు. మెషిను కోయడం మానేసి గీకుతోంది. పొగొచ్చింది, మనిషి దానిమీద పడి తొక్కుతున్నాడు. ఇప్పుడిది చూడండి. అదే మెషిను, అదే మాను. మధ్యలో కూర్చుని పన్నుపన్నుకీ ఆకురాయి పట్టాడు.

అల్లుడు: (గోరంత చెక్కు ఒకటి తీసి వెలుతురుకు పెట్టి) ఇవి పేళ్ళలా తెగి వచ్చాయి.

అత్తగారు: ఆ. బరువు వెయ్యకుండానే దానంతటది దిగింది. మీ కిలోవాట్ల ఆరో వంతు ఈ పొట్టులో ఎన్నో వంతో లెక్క చెప్పండి బాబూ.

(ఎక్సెల్‌లో దీనికి కాలమ్ లేదు. అల్లుడు ల్యాప్‌టాప్ సగం మూశాడు. ఇక్కడ రాసేవాడు కూడా అత్తగారి పక్షమే.)

అల్లుడు: ఆకురాయి ఏ సైజండీ?

అత్తగారు: గుండ్రటిది, నాలుగు మిల్లీమీటర్లది. మీ కవలలిద్దరికీ అదే.

అల్లుడు: మీకివన్నీ ఎలా తెలుసు?

అత్తగారు: కూలివాడు కోస్తుంటే గట్టున కూర్చుని కాఫీ పోసేది ఎవరనుకున్నారు? మీ మామగారా?

(పేపరు ఒక పేజీ తిరిగింది.)

అల్లుడు: అసలు దీని చరిత్ర వింటే ఆశ్చర్యపోతారు. స్టిల్ వాళ్ళు 1926లో మొదట చేసింది కరెంటు రంపం. చెరోవైపు ఒకరు చొప్పున ఇద్దరు పట్టుకుంటేగానీ కదిలేది కాదు.

అత్తగారు: ఇప్పుడు మనమూ అదే పని చేస్తున్నాం. రంపం లేదు, అంతే.

అల్లుడు: అంతకుముందు సంగతి ఇంకా చిత్రం. 1780ల ప్రాంతంలో స్కాట్లాండ్ డాక్టర్లు పళ్ళున్న చిన్న గొలుసు రంపం వాడారు. చెట్లకు కాదు. కాన్పు కష్టమైతే తల్లి ఎముక కోయడానికి...

అత్తగారు: రామ రామ! భోజనాల వేళ ఏం మాటలు బాబూ అవి! అమ్మాయి ముందు ఎప్పుడైనా అన్నారా ఇది?

అల్లుడు: ఏడో నెలలో అన్నానండీ. అప్పుడే కదా పుట్టింటికి వచ్చేసింది.

అత్తగారు: అదా కారణం! అది వచ్చి ఎండకు తట్టుకోలేక అంది. సరే, రంపం గురించి చెప్పండి.

అల్లుడు: మీరింత చెప్పాక ఇంకేముందండీ. మీ మాటే కానివ్వండి. 170 తీసుకుందాం.

అత్తగారు: అయ్యయ్యో! అల్లుడి మాట తీసేసి నా మాట నెగ్గించుకున్నానని ఊళ్ళో అనరూ? మీ మాటే కానివ్వండి. 180.

అల్లుడు: వద్దండీ. గొలుసు పదునుంటే 170 చాలు. మీరే చెప్పారు.

అత్తగారు: నేను చెప్పింది సన్న కొమ్మల మాట. మావిడి పచ్చిమాను, తడి మీదుంటే బార్‌ను పట్టేస్తుంది. అక్కడ ఆ ఆరో వంతు ఉంటే మంచిదే.

అల్లుడు: ఆరో వంతుతో ఏం ఒరుగుతుందండీ? ఒక్క మిల్లీమీటరు!

అత్తగారు: మిల్లీమీటరని తీసిపారెయ్యకండి. మీరే కదా 38 అన్నారు.

అల్లుడు: 37 కూడా నేనే అన్నాను!

(ఇద్దరూ ఎదుటివాళ్ళ పక్షం తీసుకుని, ముందుకంటే గట్టిగా కొట్లాడుకుంటున్నారు. మర్యాద ఎక్కువైన ఇళ్ళలో ఇది మామూలే.)

అత్తగారు: పోనీ, ఇందులో ఏదైనా మొదలు కోస్తుందా? రెండు చేతులు చాస్తేగానీ అందని మాను.

అల్లుడు: (గొంతు తగ్గించి) రెండూ కోయవండీ. పద్నాలుగంగుళాల బార్. మొదలు కొయ్యాలంటే పెద్ద మెషిను కావాలి.

అత్తగారు: మొదలు అడితివాడు లారీ తెచ్చి పట్టుకుపోతాడు, వాడి రంపం వాడిదే. మనకు కొమ్మలు చాలు, ఏడాది వంటచెరుకు. కొన్నాక ఎవరు తిప్పుతారు దీన్ని? మీరా?

అల్లుడు: ఇవాళ సాయంత్రమే మొదలుపెడతాను.

అత్తగారు: ఆ లుంగీతోనా?

అల్లుడు: (లుంగీ చూసుకుని) ఆ...

అత్తగారు: దాని అంచు గొలుసులో పడితే లుంగీతో ఆగదు బాబూ. పైగా బార్ కొస పై అంచు మానుకు తగిలిందా, రంపం ముఖం మీదకు లేస్తుంది. ప్యాంటు, బూట్లు, చెవులకు మఫ్లు, ముఖానికి జాలీ ఉన్న హెల్మెట్ ముందు కొనండి. రంపం తర్వాత.

అల్లుడు: ఆయిలు కలపడం కూడా నేర్చుకున్నానండీ. టూ స్ట్రోక్ ఇంజను కదా, కంపెనీ ఆయిలైతే యాభైకి ఒక పాలు. లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు. కొలపాత్ర ఆర్డర్ పెడతాను.

అత్తగారు: ఎందుకూ? మీ మామగారి దగ్గుమందు సీసా మూతకు పది దగ్గర గీతుంది. రెండు మూతలు. మందుకు మాత్రం మళ్ళీ వాడకండి. గొలుసు ఆయిల్ వేరే ట్యాంకు, దాన్నీ దీన్నీ కలపకండి.

అల్లుడు: మీకన్నీ తెలుసు కాబట్టి అడుగుతున్నాను. ఆదివారం నేను వెళ్ళిపోతాను. మామయ్యగారికి మోకాళ్ళ నెప్పి. కూలివాడికి సొంత మెషిను ఉంది. మరి ఇది...

అత్తగారు: (కొంగు నడుముకు చుట్టి) మరి ఇది ఎవరికోసం అడుగుతున్నాను ఇంతసేపూ?

(పేపరు కిందికి దిగింది. రెండు కళ్ళు కనిపించాయి. మళ్ళీ పైకి వెళ్ళింది.)

అల్లుడు: మీరే తిప్పుతారా! అయితే 180నే అత్తయ్యగారూ. బరువు ఇంచుమించు ఒకటే అయినప్పుడు, బలమున్నది తొందరగా తెగ్గొడుతుంది. చేతిలో ఉండే సేపు తగ్గుతుంది, భుజం నొప్పి తగ్గుతుంది.

అత్తగారు: నేనూ 180 అనే కదా అంటున్నాను!

అల్లుడు: అంటే ఒప్పుకున్నట్టేనా?

అత్తగారు: ఒప్పుకోక! అయినా పాపం, 170 ఏం తప్పు చేసింది?

అల్లుడు: (గబగబా ఫోన్ తీసి) హలో, ఎమ్మెస్ 180 ఒకటి... ఆ, రెండో గొలుసు కూడా. నాలుగు మిల్లీమీటర్ల ఆకురాళ్ళు రెండు. హెల్మెట్, ప్యాంటు, బూట్లు, గ్లవ్స్... ఒక్క నిమిషం. అత్తయ్యగారూ, గ్లవ్స్ ఏ సైజు అని అడుగుతున్నాడు.

అత్తగారు: గాజుల మీదకు రావాలా, గాజుల కిందే ఆగాలా ముందు కనుక్కోండి.