ముగింపు ముందే తెలిసిన థ్రిల్లర్

ఫ్రాన్స్ అధ్యక్షుడిగా పనిచేసిన ద గాల్‌ను ఎవరూ చంపలేదు. 1970 నవంబరులో ఆయన తన ఇంట్లోనే కన్నుమూశారు. ఆ సంగతి తెలిసిన పాఠకుడికే, ఆయన్ని చంపడానికి బయల్దేరిన కిరాయి హంతకుడి కథ చెప్పి ఆఖరి పేజీ దాకా టెన్షన్ పెట్టగలిగాడు బ్రిటిష్ నవలాకారుడు ఫ్రెడరిక్ ఫోర్సైత్. 1971లో వచ్చిన 'ది డే ఆఫ్ ది జాకాల్'ను అంతకుముందు కొందరు ప్రచురణకర్తలు తిప్పి పంపారు. ఫలితం తెలిసిన కథ ఎవరు కొంటారన్నది వాళ్ల అనుమానం. 2025 జూన్‌లో, 86 ఏళ్ల వయసులో ఫోర్సైత్ చనిపోయేనాటికి ఆయన పుస్తకాలు ఏడు కోట్లకు పైగా అమ్ముడుపోయాయి.

ఆ నవలలో 'చంపుతాడా, లేదా' అన్న ప్రశ్నకు చోటే లేదు. ఉన్నదంతా 'అంత దగ్గరికి ఎలా వెళ్తాడు' అన్నదే. హంతకుడు ముందు ఒక స్మశానానికి వెళ్తాడు. తన ఈడువాడే అయి, పసితనంలోనే చనిపోయిన ఒక బాబు పేరును సమాధిరాయి మీద చూసుకుంటాడు. ఆ పేరుతో జనన ధ్రువపత్రం తీయిస్తాడు, దాన్ని చూపించి పాస్‌పోర్టు సంపాదిస్తాడు. తుపాకీని విడదీసి, ముక్కల్ని చంకకర్రలో దాచుకునే ఏర్పాటూ ఇంతే నింపాదిగా సాగుతుంది. ఎక్కడా అరుపుల్లేవు, ఛేజింగుల్లేవు. ఆ పాస్‌పోర్టు కిటుకు ఎంత పక్కాగా ఉందంటే, బ్రిటన్‌లో ఆ తరహా మోసానికి ఈ నవల పేరే స్థిరపడింది.

ఇది ఊహాశక్తి కంటే రిపోర్టరు బుద్ధి అంటాను. 1960ల మొదట్లో ఫోర్సైత్ రాయిటర్స్ వార్తాసంస్థ తరఫున పారిస్‌లో పనిచేశాడు. ఫ్రాన్స్ పాలనలో ఉన్న అల్జీరియాను వదులుకున్నందుకు ఓఏఎస్ అనే రహస్య సాయుధ ముఠా ద గాల్ ప్రాణం కోసం కాచుకున్న రోజులవి. తర్వాత బీబీసీ, అక్కణ్నుంచి, నైజీరియా నుంచి విడిపోవాలనుకున్న బియాఫ్రా యుద్ధం. అక్కడి ఆకలి చావుల్ని చూసి, బ్రిటన్ నైజీరియా ప్రభుత్వాన్ని వెనకేసుకురావడాన్ని భరించలేక బీబీసీని వదిలేశాడు. చేతిలో డబ్బుల్లేని స్థితిలో, 35 రోజుల్లో ఆ మొదటి నవల కొట్టిపడేశాడు.

బియాఫ్రా నుంచి బ్రిటన్ గూఢచారి సంస్థ ఎంఐ6కు సమాచారం అందించానని 2015లో తన ఆత్మకథలో ఆయనే ఒప్పుకున్నాడు. ఇది మాత్రం నాకు మింగుడుపడదు. విలేకరుల్లో ఒకడు అలా చేస్తే, యుద్ధభూమిలో మిగతావాళ్లందరి మీదా గూఢచారులన్న అనుమానం పడుతుంది. ఆయన నవలలకు ఉన్న సాధికారతలో కొంత ఆ సంబంధాల నుంచే వచ్చి ఉండొచ్చు. అయినా ఆ లెక్క సరిపోదు.

రచయితగా లోపాలు తక్కువేం కాదు. ఆడపాత్రలు అవసరానికి వచ్చి వెళ్లిపోతాయి, వాక్యం రిపోర్టులా ఉంటుంది. మరో నవల 'ది ఒడెస్సా ఫైల్'లో, యూదుల్ని నిర్బంధించిన రీగా ఘెట్టోను నడిపిన నాజీ రోష్‌మన్‌ను అసలు పేరుతోనే పెట్టి, ఆ పేరు లోకమంతటికీ తెలిసేలా చేయడం మాత్రం చిన్న పని కాదు.

చివరి నవలలు తేలిపోయాయి. ఆయన మనుషులు రైళ్లు మారాలి, పేర్లు మార్చాలి, సరిహద్దు దగ్గర గార్డు కళ్లలోకి చూడాలి. 2018 నాటి 'ది ఫాక్స్'లో కంప్యూటర్ ముందు కూర్చున్న హ్యాకర్ కుర్రాడికి ఈ పనులేవీ లేవు. ఫోర్సైత్‌కు అతనితో ఏం చేయించాలో తోచలేదనే అనిపిస్తుంది.