‘ఒకవేళ’ బట్టలపై ఏకసభ్య కమిటీ నివేదిక

ఇల్లు ఖాళీ చేసి వ్యాన్‌లో కాపురం పెట్టాలని నిర్ణయించుకోవడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. వెంట ఏ చొక్కాలు తీసుకెళ్లాలో తేల్చుకోవడానికి మూడు వారాలు పట్టింది. ఇంత జటిలమైన సమస్య వస్తే ప్రభుత్వాలు ఏం చేస్తాయో నేనూ అదే చేశాను. కమిటీ వేశాను. అధ్యక్షుడిని నేనే, సభ్యుడిని నేనే, సాక్షినీ నేనే. ఆధారాల కోసం బీరువా మొత్తం మంచం మీద కుమ్మరించాను.

మొదటి రోజే ఒక సంగతి బయటపడింది. బీరువాలో సగం బట్టలు వేసుకోవడానికి కొన్నవి కావు, ‘ఒకవేళ’ కోసం కొన్నవి. ఒకవేళ ఎవరైనా పెళ్లికి పిలిస్తే కోటు. ఒకవేళ నేను పొద్దున్నే లేచి పరిగెత్తడం మొదలుపెడితే ఆ నిక్కరు. ఒకవేళ మళ్లీ సన్నబడితే ఆ ప్యాంటు. (ఈ చివరిదాన్ని కమిటీ సాక్ష్యంగా స్వీకరించలేదు.) ఇంట్లో అయితే ఇవన్నీ వెనక వరసలో నోరు మూసుకుని పడుంటాయి. వ్యాన్‌లో నాకు దక్కింది మంచం కింద ఒక డబ్బా, తల మీద ఒక అర. అక్కడ ‘ఒకవేళ’ను పెడితే ‘రేపు’ను పెట్టడానికి చోటుండదు.

విచారణకు ముందుగా జీన్స్‌ను పిలిచాం. 1873లో అమెరికాలో లీవై స్ట్రాస్, జేకబ్ డేవిస్ కలిసి రాగి రివెట్ల ప్యాంటుకు పేటెంట్ తీసుకున్నది జేబులు చిరగకుండా ఉండటానికి. తడిస్తే ఎప్పటికి ఆరుతుందన్నది వాళ్ల బాధ కాదు, నా బాధ. డిఫెన్స్ మాత్రం గట్టి ఆధారమే చూపింది. 2011లో కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థి 15 నెలలు ఉతక్కుండా జీన్స్ వేసుకున్నాడు. తర్వాత దాన్ని ఉతికి, 13 రోజులు వేసుకుని మళ్లీ పరీక్షిస్తే బ్యాక్టీరియా లెక్క దాదాపు అంతే వచ్చింది. ఇక జీన్స్ గెలిచినట్టే అనుకుంటుండగా, వాసన తగ్గడానికి అతను దాన్ని ఫ్రీజర్‌లో పెట్టేవాడని తెలిసింది. నా వ్యాన్‌లోని ఫ్రిజ్‌లో ప్యాంటు పడితే అన్నం పట్టదు. ఒక్క జతకు షరతులతో అనుమతి ఇచ్చాం.

మెరినో అనే జాతి గొర్రెల సన్నటి ఉన్నితో నేసిన చొక్కా వచ్చి వినయంగా నిలబడింది. తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చుకుంటానంది, నాలుగు రోజులు వేసుకున్నా పక్కవాళ్లు లేచిపోరంది. పాలిస్టర్ దానికంటే తొందరగా ఆరుతుంది, కానీ నిన్నటి చెమటను అంత తొందరగా మర్చిపోదు. కాటన్‌ది సున్నితమైన కేసు. రాత్రంతా మన ఊపిరిలోని తేమ వ్యాన్ చల్లటి రేకు మీద నీటి బొట్లుగా పేరుకుంటుంది. ఆ రేకుకు ఆనుకుని ఉన్న కాటన్ మడతల్లో కొన్నాళ్లకు బూజు కాపురం పెడుతుంది. ఒక్క వ్యాన్‌లో రెండు కాపురాలంటే కష్టం.

ఇస్త్రీ బట్టల సంగతి లెక్కలతోనే తేలిపోయింది. 12 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో ఉండేది 1,200 వాట్ అవర్లు. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె గంటసేపు వేడెక్కితే దాదాపు ఖాళీ. రాత్రి లైటు కావాలా, నిలువు మడత కావాలా అని నన్ను నేను అడిగి, జవాబు నమోదు చేసుకున్నాను.

అసలు చిక్కుముడి ఉతికిన బట్టలు కాదు, మాసిన బట్టలూ కాదు. ఒక్కసారి వేసి విప్పినవి. ప్రతి ఇంట్లో ఒక కుర్చీ ఉంటుంది, కూర్చోవడానికి కాదు. ఉతకాల్సినంత మాసిపోని, బీరువాలో పెట్టేంత శుభ్రంగానూ లేని బట్టలన్నీ ఆ కుర్చీ మీదే బతుకుతాయి. వ్యాన్‌లో ఉన్న ఒకే ఒక్క కుర్చీ డ్రైవర్ సీటు. ఇప్పుడు బండి కదలాలంటే ముందు ఆ గుట్టను మంచం మీదికి, పడుకోవాలంటే మంచం మీది గుట్టను మళ్లీ సీటు మీదికి మార్చాలి. ఇంధనం ఖర్చు లేకుండా రోజుకు రెండు ప్రయాణాలు నా చొక్కాలే చేస్తున్నాయి.

బిగుతు ప్యాంట్లను చర్చ లేకుండా కొట్టేశాం. పడుకుని ప్యాంటు తొడుక్కునే మనిషికి నడుము దగ్గర కాస్త ఉదారత అవసరం.

చివరికి నివేదిక సిద్ధమైంది. చొక్కాలు నాలుగు, ప్యాంట్లు రెండు, ఉన్ని స్వెటర్ ఒకటి, వానకోటు ఒకటి, లోదుస్తులూ సాక్సులూ మాత్రం వారానికి సరిపడా. కమిటీ ఏకగ్రీవంగా ఆమోదించింది. అయితే సభ్యుడు ఒకరు అసమ్మతి నోటు జత చేశారు. కోటు కూడా ఉండాలట, ఒకవేళ ఎవరైనా పెళ్లికి పిలిస్తే.

ఇంతవరకు ఎవరూ పిలవలేదు. కోటు మాత్రం రోజూ డ్యూటీలోనే ఉంది. రాత్రిపూట వెనక అద్దానికి తెరలా తగిలిస్తున్నాను. బయట పోయేవాళ్లకు లోపల ఎవరో పెద్దమనిషి హుందాగా నిలబడి ఉన్నాడనిపిస్తుంది. లోపల నిలబడేంత ఎత్తు లేదు.