వాటాదారుల రైలు, యాత్రికుల బొగ్గు

నష్టం ప్రజలది, లాభం కంపెనీది అనే ఆర్థిక సూత్రాన్ని ఈమధ్యే ఎవరో కనిపెట్టారని నమ్మేవారు మన ప్రాంత చరిత్రకు తీరని అన్యాయం చేస్తున్నారు. ఆ ఘనత న్యాయంగా నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వేకు, దాని పట్టాల మీద బయటి లోకం చూసిన సింగరేణి బొగ్గుకు దక్కాలి.

నేటి కర్ణాటకలోని వాడి అనే ఊరి నుంచి సికింద్రాబాద్‌కు 1874లో రైలు వచ్చింది. ఖర్చు నిజాంది, తొందర బ్రిటిష్‌వారిది. ఈ పంపకంలో లోపమేమీ కనిపించకపోవడంతో 1883లో ఇంకాస్త పెద్ద ఆలోచన చేశారు. లండన్‌లో ఒక కంపెనీ పెడతారు. అది ఉన్న మార్గాన్ని తీసుకొని బెజవాడకూ, చందాకూ (నేటి చంద్రపూర్) పొడిగిస్తుంది. పెట్టుబడి మీద 20 ఏళ్లపాటు ఏటా 5 శాతం వడ్డీకి నిజాం ప్రభుత్వం పూచీ పడుతుంది. బండి ఎవరు ఎక్కినా ఎక్కకపోయినా, సరుకు దొరికినా దొరక్కపోయినా లండన్‌లోని వాటాదారుకు మాత్రం నిద్రాభంగం కలగరాదన్న ఈ ఏర్పాటులోని కారుణ్యాన్ని మన చరిత్రకారులు తగినంతగా మెచ్చుకోలేదు. కాలనిర్ణయం కూడా ప్రశంసనీయమే. దివాను సాలార్ జంగ్ ఆ ఏడాది ఫిబ్రవరిలో మరణించారు, నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌కు ఇంకా మైనారిటీ తీరలేదు. 1883 చివర్లో ఒప్పందం కుదిరింది, 1884 ఫిబ్రవరిలో ఆయన అధికార పగ్గాలు చేపట్టారు. మైనరు ఆస్తిని తాకట్టు పెట్టడానికి ఇంతకంటే మంచి ముహూర్తం ఏ సిద్ధాంతిగారూ పెట్టలేరు.

ఈ శుభకార్యంలో అపశకునంలా కొందరు ఒప్పందం షరతులేమిటో చెప్పమని అడిగారు. వారిలో సరోజినీ నాయుడి తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ ఒకరు. చదువుకున్నవాడు కాబట్టి కాగితం చూపిస్తే చదివేస్తాడేమోనన్న సహేతుకమైన భయంతో ఆయన్ను హైదరాబాద్ రాజ్యం నుంచే పంపించేశారు. ఆ అలజడికి చందా రైల్వే ఆందోళన అని పేరు. పట్టాలు మాత్రం ముందు బెజవాడకు వెళ్లాయి. కాజీపేట నుంచి బల్హార్షా మీదుగా చందా వైపు దారి పూర్తయ్యేసరికి 1920లు ముగింపుకు వచ్చాయి. ఆందోళన చేసినవారు నలభై ఏళ్లకు పైగా తొందరపడ్డారన్నది దీన్నిబట్టి స్పష్టం.

ఇక బొగ్గు సంగతి. భద్రాచలం వెళ్లే యాత్రికులు ఇల్లందు దగ్గర వంటకు పొయ్యి పెట్టుకుంటే పొయ్యిరాళ్లే అంటుకున్నాయని ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. అయితే అన్నం వండుకున్నవారి పేర్లు శాస్త్రానికి పనికిరావు కాబట్టి, భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ 1871లో బొగ్గును అధికారికంగా కనుగొన్నారు. డోర్నకల్ నుంచి ఇల్లందు గనులకు ఒక రైలు పాయ వేశారు. 1889లో తవ్వకం మొదలైంది, అదే ఏడాది ప్రధాన మార్గం బెజవాడను తాకింది.

తవ్వకానికి ముందే పండిన పంట ఒకటుంది. రాజ్యంలోని ఖనిజాలపై 99 ఏళ్ల హక్కును 1886లో వాట్సన్, స్టీవర్ట్ అనే ఇద్దరు దొరలకు ఇచ్చారు. వారు పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి పది లక్షల పౌన్ల మూలధనం, పది పౌన్ల చొప్పున లక్ష షేర్లు. అందులో 85,000 షేర్లను పైకం పూర్తిగా చెల్లించినట్టు రాసుకొని, పైసా చెల్లించకుండా హక్కుదారులే ఉంచుకున్నారు. రైల్వే ఒప్పందం కుదర్చడంలో చెయ్యి తిరిగిన అబ్దుల్ హక్ అనే ఉన్నతాధికారి ఇక్కడ కూడా సేవలందించారు. కంపెనీలో వాటాలు కొనమని నిజాం ప్రభుత్వం పురమాయిస్తే, ఆయన బజారంతా తిరిగి శ్రమపడకుండా తన దగ్గరున్న షేర్లనే పది పౌన్లవి పన్నెండుకు ప్రభుత్వానికి అంటగట్టారు. కొనేదీ తానే, అమ్మేదీ తానే అయినప్పుడు బేరంలో గొడవ ఉండదు, దళారీ ఖర్చు మిగులుతుంది. దీన్ని పాలనా సామర్థ్యమని అనకుండా కుంభకోణమని పిలిచి, 1888లో బ్రిటిష్ కామన్స్ సభ ఒక సెలెక్ట్ కమిటీని కూర్చోబెట్టింది. గడ్డపార ఇంకా గట్టిగా దిగని నేల మీద ఖండాంతరంలో విచారణ జరిగిందంటే, మన బొగ్గుకు ఎంత వేడి ఉందో ఊహించుకోవచ్చు.

యాత్రికులను మాత్రం రైల్వే మరిచిపోలేదు. తర్వాత గనులు కొత్తగూడేనికి విస్తరించాయి, అక్కడికీ పట్టాలు వెళ్లాయి. ఆ స్టేషన్‌కు భద్రాచలం రోడ్ అని నామకరణం చేశారు. సీతారాముల కల్యాణం చూడాలని సంచీలో తలంబ్రాల బియ్యంతో దిగిన కొత్త యాత్రికుడికి ఆ బోర్డు చూడగానే ఒళ్లు పులకరిస్తుంది. గోపురం కోసం చూస్తే ఎదుట బొగ్గు వ్యాగన్ల వరుస కనబడుతుంది. రాముడు ఇంకా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, గోదావరికి అవతల ఒడ్డున ఉన్నాడు. రోడ్ అని చెప్పారే గాని రైలు అని చెప్పలేదు కాబట్టి, రైల్వేవారు అబద్ధమాడారని అనడానికి వీల్లేదు.

తాను పూచీ పడి పెంచిన ఈ రైల్వేను నిజాం ప్రభుత్వం 1930లో తానే డబ్బిచ్చి కొనుక్కుంది. గ్యారంటీల వారసత్వం అంతటితో తెగిపోయిందనుకుంటే పొరపాటు, కాకపోతే దిశ మారింది. భద్రాచలం రోడ్ నుంచి సత్తుపల్లికి బొగ్గు కోసం ఈమధ్య వేసిన సుమారు 54 కిలోమీటర్ల మార్గానికి ఖర్చులో పెద్ద భాగం సింగరేణి సంస్థే భరించింది. పట్టాలు రైల్వేవి, పైకం బొగ్గుది. ఆ పెట్టుబడి మీద ఇరవయ్యేళ్లపాటు వడ్డీకి పూచీ పడమని సింగరేణివారు రైల్వే శాఖను అడిగినట్టు ఎక్కడా కనబడదు. లండన్‌లో ఒక్క వాటాదారైనా లేని సంస్థకు అలాంటి మర్యాదలు ఎలా తెలుస్తాయి?